తగ్గుడు వేరే, పోవుడు వేరే

మూడో రోజు కూడా కల్పలత మొగుడికి అన్నం వడ్డించలేదు.

వండుతోంది. గిన్నెల మీద మూతలు పెడుతోంది. పళ్ళెం బోర్లించి పక్కన పెట్టి లోపలి గదిలోకి వెళ్ళిపోతోంది. తిన్నావా అని అడగడం లేదు. ఓంప్రకాశ్ తినడమూ లేదు. కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని, మోగని ఫోను వైపే చూస్తున్నాడు.

బోయిగూడలోని ఆ రెండు గదుల పోర్షన్‌లో మాటలు లేకపోతే పక్కింటి కుక్కరు విజిల్ కూడా మనింట్లోదే అనిపిస్తుంది. ఆ ఉదయం అలాంటి విజిల్ మూడుసార్లు వచ్చాక ఓంప్రకాశ్ తండ్రి పర్వతాలు చేతికర్రను నేలకేసి కొట్టాడు.

"మూడొద్దులాయె. ఈ ఇంట్ల ఎవలు సచ్చిండ్రు? చెప్పుండ్రి, నేను సుత ఏడుస్త."

గుమ్మం దగ్గర చెప్పులకు పట్టీ పెట్టుకుంటున్న మనవరాలు మాత్రం తలెత్తింది.

"తాతా, అమ్మ డాడీ కటీఫ్" అంది సృజన.

"ఎందుకు బిడ్డా?"

"నాకు తెల్వదు. కేకు తిన్నంక కటీఫ్ అయిండ్రు."

సృజనకు ఇరవై నాలుగు నిండి మూడు రోజులైంది. ఈ పిల్ల అన్నీ మెల్లగా నేర్చుకుంటుంది, కొన్ని ఎప్పటికీ నేర్చుకోదు అని పుట్టిన రెండో ఏడే డాక్టరు చెప్పాడు. ఇరవై దాకా లెక్కపెట్టడం నేర్చుకుంది. సైనిక్‌పురిలో ఇలాంటి పిల్లల కోసం నడిపే వర్క్‌షాపులో కాగితం కవర్లు అతికిస్తుంది. ఇరవై కాగానే కట్ట కట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. నెలకు వాళ్ళిచ్చే పన్నెండు వందలు తెచ్చి తల్లి చేతిలో పెట్టి, ఆ రోజంతా అందరికీ పెద్దమనిషిలా సలహాలిస్తుంది.

వ్యాను హారన్ వినిపించింది. సృజన వెళ్తూ వెళ్తూ తండ్రి భుజం మీద చరిచి, "దోస్తీ చేస్కోండ్రి" అని ఆర్డరు వేసి మెట్లు దిగింది.

వ్యాను సందు మలుపు తిరిగేదాకా కల్పలత కిటికీ దగ్గరే నిలబడింది. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం మారిపోయింది.

"మామా, నీ కొడుకునే అడుగు. సృజన పైసలు ఏడున్నయో అడుగు."

పర్వతాలు కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "ఏడున్నయంటే? నీ ఫండుల ఉన్నయి గద. మార్కెట్ పడ్డదని టీవీల ఊకె ఒర్లుతుండ్రి అప్పట్ల. నువ్వే అంటివి, పడ్తది లేస్తది మామా, మనం ముట్టొద్దు అని."

"పడ్డది మామా. పడితే నాకు పరేషాన్ లేకుండె. ఈయన అమ్మేసిండు."

ముసలాయనకు ఆ మాట ఎక్కడానికి కొంత సమయం పట్టింది. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు కార్పెంటరు పని చేసి, చేతికొచ్చిన దానిలోంచి ఆరు లక్షలు తీసి ఈ కోడలి చేతిలోనే పెట్టాడాయన. 'నేను పోతా, మీరు పోతరు. అది ఉంటది. దానికి బుక్కెడు బువ్వ పెట్టెటోళ్ళకు ఇయ్యనీకి ఉంచు' అన్నాడు. ఆ ఆరుకు తోడు కల్పలత తన స్కూలు గుమాస్తా జీతంలోంచి నెలనెలా ముందు ఐదు వేలు, తర్వాత ఆరు, ఎనిమిది చొప్పున పన్నెండేళ్ళు మ్యూచువల్ ఫండులో కట్టింది. తాను ఎనిమిదేళ్ళు కొత్త పట్టుచీర కొనలేదు. తిరుపతి మొక్కు ఇంకా తీరలేదు. ఏడాదికి ఒక్కసారి, సృజన పుట్టినరోజు నాడు మాత్రం ఖాతా తెరిచి చూసుకునేది. ఈసారి కేకు కోసిన తర్వాత చూస్తే అక్కడ సున్నా ఉంది. ఆ రాత్రే మొగుణ్ణి నిలదీసి సంగతి రాబట్టింది.

"అమ్మి ఏంజేసిండు?" అన్నాడు పర్వతాలు.

"విజయేందర్ అనేటోని చేతుల పోసిండు. నూటికి మూడు రూపాల మిత్తంట. ఆని ఆఫీసుకు ఇయ్యాల తాళమున్నది."

"గట్ల చెప్పకు లతా" అన్నాడు ఓంప్రకాశ్. ఆ రాత్రి తర్వాత అతని గొంతు వినడం అదే మొదలు. "పోసినా, తాగినా, జూదమాడినా? నా బిడ్డ కోసమే చేసిన."

"నీ బిడ్డ పైసలు నీ బిడ్డ కోసం తీస్కపోయి దొంగకిచ్చినవు."

"నువ్వు ఏడాదికోపారి చూస్తవు! చూసి, మొక్కి, మూసేస్తవు. నేను రోజు చూసిన. పొద్దుగాల చూసిన, డిపోల చూసిన, బస్సుల చూసిన. ఇరవై తొమ్మిది లక్షలుండె. ఇరవై ఏడాయె. ఇరవై ఐదాయె. ఒక్కదినంల అరవై వేలు పోయినయ్ లతా. అరవై వేలంటే ఆ కట్టెల డిపోల నాకు మూడు నెలల జీతం. నా కండ్ల ముంగట నా బిడ్డ బువ్వ ఎలుకలు తింటుంటే చూసుకుంట కూసోమంటవా?"

"పోలే. తగ్గినయ్. తగ్గుడు వేరే, పోవుడు వేరే. గిది నీకు వందసార్లు చెప్పిన."

"పగటిపూట చెప్పినవ్. రాత్రి నాకు నిద్ర పట్టకుంటే ఎవలు చెప్పాలె? నువ్వు మంచిగ పండుకుంటివి."

కల్పలత నిజంగానే పడుకుంది. మార్కెట్టు పడిన ఆ రెండు నెలలూ ఆమె పక్కనే ఒక మనిషి చీకట్లో ఫోను వెలుగు దుప్పటి కింద దాచుకుని లెక్కలు చూసుకుంటున్నాడని ఆమెకు తెలియదు.

"నన్ను ఒక్కమాట అడగొద్దా?"

"అడిగితే వద్దంటవని అడగలే."

ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంది. ఇద్దరిలో ఎవరు చెప్పినా చాలు. మొదటి పేరు అతనిది, ఫోను నంబరూ అతనిదే. ఇరవై రెండు లక్షల అరవై వేల దగ్గర, ఒక మంగళవారం, డిపోలో టీ తాగుతూ మీట నొక్కాడు. వారం తిరిగేసరికి ఆ డబ్బు విజయేందర్ ఆఫీసులో ఉంది. అక్కడ పడడం లేదు, లేవడం లేదు. నెల తిరిగితే వడ్డీ. రెండు నెలలు టంచనుగా వచ్చింది. వచ్చిన మిత్తిని కూడా మళ్ళీ అక్కడే పెట్టాడు. మూడో నెల రాలేదు.

పర్వతాలు కొడుకును కొట్టలేదు. కొడితే బాగుండునని ఓంప్రకాశ్ ముఖమే చెబుతోంది. ముసలాయన కర్ర గోడకు ఆనించి, మంచం మీద మెల్లగా కూర్చుని, కోడలిని మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు అందుకోబోతే సగం నీళ్ళు ధోతి మీద పడ్డాయి.

"నావి ఆరు లక్షలు సుత అందులనేనా?"

"అన్నీ అందులనే మామా."

"ఇగ నేను సావొద్దన్న మాట" అన్నాడాయన. ఎవరితోనూ కాదు.

ఓంప్రకాశ్ లేచి వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. "నాయినా, పూరాగ పోలే. నిన్న విజయేందర్ వేరే నంబర్‌కెల్లి ఫోన్ చేసిండు. సోమవారం దాకా ఆగుమన్నడు. మనం పోలీస్ స్టేషన్‌కు పోకుంటే మన పైసలు మనకిస్తనన్నడు. మొత్తం. పోతే మాత్రం రూపాయి రాదన్నడు."

ఆ మాట విన్నప్పుడు కల్పలతకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"మరి మిగిలినోళ్ళకు?" అన్నాడు పర్వతాలు.

"మిగిలినోళ్ళ సంగతి మనకెందుకు?"

"ఎంతమందున్నర్రా?"

ఓంప్రకాశ్ తండ్రి ధోతి మీది తడి వైపు చూస్తూ, "నాకేమెర్క" అన్నాడు.

* * *

మధ్యాహ్నం సెలవు పెట్టి కల్పలత స్కూలు నుంచి నేరుగా మేబెల్ టీచరింటికి నడిచింది. పద్మారావు నగర్‌లో స్కూలుకు రెండు వీధుల అవతలే ఇల్లు. ఆరేళ్ళ కింద రిటైరైన లెక్కల టీచరు. పన్నెండేళ్ళ కింద స్టాఫ్‌రూములో కల్పలతను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ఫారం నింపించింది ఆమే. 'చింతపండు ధర తగ్గితే రెండు కిలోలు ఎక్కువ కొంటాం కదమ్మా, ఫండు ధర తగ్గితే ఎందుకు ఏడవాలి?' అని నవ్వించిందీ ఆమే.

ఇవాళ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కల్పలత చెప్పింది. మేబెల్ టీచర్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని విన్నది. విన్నాక కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకుంది.

"ఇద్దరిలో ఎవరైనా అని రాయించింది నేనే" అంది. "నీకేదైనా అయితే అతను ఆఫీసుల చుట్టూ తిరగకూడదని."

మీ తప్పేముంది టీచర్ అనాలి. ఆ మాట కల్పలత నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మేబెల్ టీచర్ ఆ ఆగడాన్ని గమనించింది, తల దించుకుంది.

"ఇయ్యాల ఎంతుండేది టీచర్? అమ్మకుంటే?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"చెప్పుండ్రి."

"తెలిసి ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. తెల్సుకుంట."

టీచర్ ఫోనులో ధర చూసి, లెక్క మాత్రం పెన్సిలుతో కాగితం మీదే వేసింది. పాత అలవాటు. వేశాక ఆ కాగితాన్ని కాసేపు తన వైపే ఉంచుకుంది. తర్వాత నెమ్మదిగా ఇటు తిప్పింది.

ఇరవై ఏడు లక్షల పది వేలు.

"ఎప్పటి సంది లేసింది?"

"అతను అమ్మిన రెండు వారాల తర్వాత నుంచి."

గోడ గడియారం కింద కూర్చున్న కల్పలతకు, తాను ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చిందంతా అక్షరం పొల్లుపోకుండా నిజమైందని అర్థమైంది. నిజమై, తనకు తప్ప మిగిలిన లోకానికంతా పనికొచ్చింది.

"ఇంకో మాట ఉంది. కోపం తెచ్చుకోకు" అంది మేబెల్ టీచర్. "నాలుగేళ్ళ కింద, నేను రిటైరయ్యాక నువ్వొచ్చినప్పుడు, ఏం చెప్పాను? మొత్తం ఒకే చోట ఉంచకు, మూడో వంతు తీసి బ్యాంకులో వెయ్యి అన్నాను. గుర్తుందా?"

గుర్తుంది. ఈ కుర్చీలోనే కూర్చుని, కాఫీ తాగుతూ నవ్వింది తను. 'బ్యాంకుల ఏమొస్తది టీచర్, ఆరు రూపాలు సుత రావు' అంది. ఆ ఏడు ఫండు నూటికి ఇరవై పెరిగింది. ఆ తీపి ఇంకా నాలుక మీద ఉంది అప్పుడు.

"అది ఉంటే ఏమయ్యేది?"

"ఏమయ్యేదో నాకు తెలియదు. ఒక ఎనిమిది లక్షలు కదలకుండా కనిపిస్తుంటే అతనికి నిద్ర పట్టేదేమో. నిద్ర పట్టినవాడు అమ్ముకోడమ్మా." మేబెల్ టీచర్ గొంతు తగ్గించింది. "నేను నీకు లెక్క నేర్పాను. ఆ లెక్కతో బతకాల్సిన రెండో మనిషి ఒకడున్నాడని నేనూ అనుకోలేదు, నువ్వూ అనుకోలేదు. ఒక్కసారైనా అతన్ని ఇక్కడికి తీసుకురమ్మనలేదు నేను."

కల్పలత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద వీధిలో స్కూలు వదిలిన పిల్లలు, ఆటోలు, ఐసు బండి. పన్నెండేళ్ళు తాను గొప్ప ఓపిక గలదాన్ననుకుంది. ఆ ఓపికలో సగం ఆశపోతుతనమని ఇవాళ తెలుస్తోంది.

"ఇప్పుడేం జెయ్యాలె టీచర్?"

"మళ్ళీ మొదలుపెట్టు. ఈసారి కొంత బ్యాంకులో, కొంత ఫండులో. ఐదు వేలతో మొదలుపెట్టు."

"ఐదు వేలు."

"అవును."

"నాకు నలభై తొమ్మిది. యాభై ఎనిమిదికి స్కూలోళ్ళు దండేసి పంపిస్తరు."

"తెలుసు."

"పన్నెండేండ్లకు నాకు అరవై ఒకటి. సృజనకు ముప్పై ఆరు. మామ ఉండడు. ఈయన ఉంటడో లేదో."

"తెలుసమ్మా."

"గంతేనా? ఇంకేం చెప్పరా?"

"ఇంకో దారి తెలిస్తే నీకు చెప్పనా?" మేబెల్ టీచర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తొందరగా వచ్చే దారులన్నీ ఆ విజయేందర్ ఆఫీసుకే వెళ్తాయి."

అప్పుడు కల్పలత ఆ సోమవారం సంగతి చెప్పింది. స్టేషనుకు పోకపోతే మొత్తం ఇచ్చేస్తానన్న సంగతి.

"ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు?"

"నాకెందుకు టీచర్?"

"తాళం వేసుకున్నవాడి దగ్గర చెట్టుకు కాస్తున్నాయా? ఇస్తే నీకిచ్చేది ఇంకొకరిది. నువ్వు నోరు మూసుకున్నందుకు వాళ్ళ నోటి దగ్గరిది తీసి నీకిస్తాడు. అదీ ఇస్తే."

"ఇయ్యనీయుండ్రి!" కల్పలత గొంతు ఆ ఇంట్లో ఎప్పుడూ అంత పెద్దగా వినపడలేదు. "నాకు బిడ్డున్నది. అది ఇరవై తర్వాత లెక్కపెట్టలేదు. రేపు నేను పోతే అన్నం పెట్టుమని అడగనీకి సుత దానికి రాదు. మిగిలినోళ్ళకు ఎవరున్నరో ఎవరు లేరో నాకు తెల్వదు. తెల్సుకోను."

మేబెల్ టీచర్ గుమ్మం దాకా కుంటుతూ వచ్చి, చెప్పులు వేసుకుంటున్న కల్పలత తల మీద చెయ్యి పెట్టింది.

"ప్రార్థన చేస్తాను. నీ కోసమూ, వాళ్ళ కోసమూ" అంది.

రెండో మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది కల్పలతకు.

* * *

వీధి చివరికి రాకముందే ఓంప్రకాశ్ ఫోను.

"లతా, ఏడున్నవ్? స్టేషన్ కాడికి రా జెర. మన బోయిగూడోళ్ళు ఫిర్యాదు రాస్తమని జమైండ్రు. సోమవారం దాకా ఆగుమంటే నా మాట ఇంటలేరు. నువ్వు చెప్తే ఇంటరు."

"నేనెందుకు చెప్పాలె?"

"స్కూల్ల పనిచేసే మేడమువు. నీ మాటకు విలువున్నది. వీళ్ళల్ల ఒక్కడు ఫిర్యాదిచ్చినా మనకు పైసలు రావంటున్నడు ఆయన. ఒక్క మాట చెప్పు, ఆగుండ్రి అని. గంతే."

ఆగండి. పన్నెండేళ్ళుగా ఆమె నోట నలిగిన మాట అది. స్టాఫ్‌రూములో కొత్త టీచర్లకు చెప్పింది. మామకు చెప్పింది. ఇవాళ కూడా చెప్పగలదు. కష్టమేమీ కాదు.

ఆటో ఎక్కింది.

స్టేషను ఆవరణలో రేకుల షెడ్డు కింద పదిమందికి పైగా ఉన్నారు. కొందరు నేల మీద, కొందరు సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఎవరూ అరవడం లేదు. గేటు దగ్గర ఓంప్రకాశ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. భార్యను చూసి, వెళ్ళు వెళ్ళు అన్నట్టు కళ్ళతోనే షెడ్డు వైపు చూపించాడు.

బల్ల చివర దేవమ్మ కనిపించింది. వాళ్ళ సందు మొదట్లో బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే మనిషి. అరవై దాటాయి. ఒళ్ళో పాలిథీన్ కవరు, అందులో మడతలు పెట్టిన రసీదు.

"బిడ్డా, వచ్చినవా! మంచిగాయె" అంది దేవమ్మ. "నాకు రాయొస్తదా చదువొస్తదా. జెర నా కాయితం రాసియ్యి. నీ రాత ముత్యాల లెక్క ఉంటదంటరు."

కల్పలత ఆమె పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా. సోమవారం దాకా ఆగుతవా?"

దేవమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఆగాల్నా?"

"ఆగితే..."

"ఆగుమంటే ఆగుత బిడ్డా. చదువుకున్నదానివి, నీకు తెల్వదా" అంటూ దేవమ్మ పాలిథీన్ కవరు మడిచి రవికలో దోపుకోబోయింది. ఎందుకని అడగలేదు. ఎంతసేపని అడగలేదు. అంత తేలిగ్గా ఒక మనిషి తన మాట నమ్మడం కల్పలత ఎప్పుడూ చూడలేదు. గేటు దగ్గరి నుంచి ఓంప్రకాశ్ కూడా ఇటే చూస్తున్నాడు.

"వద్దు" అంది కల్పలత. "ఆగొద్దు. కాయితమియ్యి."

పక్కనున్న ఆయన్ని నాలుగు తెల్లకాగితాలు అడిగి, ఒళ్ళో బ్యాగు మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. పేరు. భర్త పేరు, కీర్తిశేషులు. వృత్తి. డబ్బు నాలుగు లక్షలు.

"ఇవి ఏడివి పెద్దమ్మా?"

"మా ఆయన సచ్చినప్పుడు వచ్చినయి. లిఫ్టు గుంతల పడ్డడు గద, ఆ బిల్డింగోళ్ళు ఇచ్చిండ్రు. పోస్టాఫీసుల ఉండె."

"పోస్టాఫీసుల మంచిగున్నయి గద. ఎందుకు తీసినవ్?"

దేవమ్మ రసీదు మడతలు విప్పి ముందు పెట్టింది. కల్పలత ఆ ఖాళీ వదిలేసి ముందుకు వెళ్ళింది. తేదీ. రసీదు నంబరు.

"నిన్ను ఆ ఆఫీసుకు ఎవరు తీస్కపోయిండ్రు?"

దేవమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"గది ఇడ్సిపెట్టు బిడ్డా."

"ఇడ్సిపెడితే ఎట్ల? లోపల సార్లు ముందు అదే అడుగుతరు."

"ఎవరో తెల్వనోళ్ళు అని రాయి."

ఆ మాట అంటున్నప్పుడు దేవమ్మ కళ్ళు ఒక్క క్షణం గేటు వైపు వెళ్ళి వచ్చాయి. ఆ క్షణం చాలింది. కల్పలత చేతిలో కలం కాగితం మీద అలాగే నిలబడిపోయి, సిరా చుక్క పెద్దదవుతూ పోయింది.

"పెద్దమ్మా, ఏమని చెప్పిండు నీకు?"

"పాపం, ఆయనకు సుత తెల్వదు బిడ్డా. ఆయన మీద కోపం చెయ్యకు" అంది దేవమ్మ తొందరతొందరగా. "నా సృజన పైసలే పెట్టిన పెద్దమ్మా, నీ పైసలు ఏడికి పోతయి, అన్నడు. నిజమే గద అనుకున్న. గసొంటి పిల్ల పైసలు పెట్టినోడు మోసం చేస్తడా ఎవలనన్న?"

షెడ్డు కింద ఉన్న మిగిలినవాళ్ళను కల్పలత అప్పుడు మొదటిసారి సరిగ్గా చూసింది. మూడో ఇంట్లో ఉండే టైలరు. పాల బూత్ ఆయన భార్య. డిపోలో హమాలీ పని చేసే ఇద్దరన్నదమ్ములు. అందరూ తెలిసిన ముఖాలే. అందరూ ఆమెతో చూపు కలిపి, మర్యాదగా చూపు తిప్పుకున్నారు.

ఆమె లేచి గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఎంతిచ్చిండు?"

"ఏంది ఎంత?"

"మనిషిని తెచ్చినందుకు ఎంతిచ్చిండు నీకు?"

ఓంప్రకాశ్ చుట్టూ చూశాడు. "లక్షకు రెండు వేలు."

"ఎంతమంది?"

"పదకొండు."

డిపోలో బోనసు ఇచ్చారని అతను కూలర్ తెచ్చిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. సృజన దాని ముందు కూర్చుని జుట్టు ఎగరేసుకుంటూ ఆ సాయంత్రమంతా నవ్వింది.

"తగ్గినయి పూరా చేద్దామనుకున్న లతా. ఆరు లక్షలు తక్కువకు అమ్మినగద. నీకు తెల్సేలోపు నిండిద్దామనుకున్న. నేను సుత నమ్మిన, నమ్మే చెప్పిన. నా పేరు రాస్తే నన్ను సుత లోపలేస్తరు. డిపో పని పోతది. సోమవారం వచ్చేటివి సుత రావు. సృజన ముఖం చూసి..."

"సృజన పేరు తియ్యకు."

"లతా..."

"ఆ పేరు చెప్పే పదకొండు ఇండ్లల్ల తిరిగినవు. ఇగ తియ్యకు."

తిరిగి వచ్చి దేవమ్మ పక్కన కూర్చుంది. అన్నీ పోయాయి. వస్తాయన్న ఆ దొంగ సోమవారం ఒక్కటే మిగిలింది, అదీ తన చేతిలోనే ఉంది. ఈ కాగితం మీద 'తెలియనివారు' అని రాస్తే చాలు. దేవమ్మే రాయమంటోంది. ఇరవై రెండు లక్షల అరవై వేలు. ఆమె బతికినన్నాళ్ళూ మళ్ళీ కూడబెట్టలేని డబ్బు. సాయంత్రం వ్యాను దిగి సృజన అడుగుతుంది, దోస్తీ అయిందా అని.

కల్పలత దేవమ్మ కాగితంలో ఆ ఒక్క వరుస ఖాళీగానే ఉంచి, మడిచి పక్కన పెట్టింది. ఇంకో తెల్లకాగితం తీసింది.

"గిదెవరిది బిడ్డా?" అంది దేవమ్మ.

"నాది."

ఫిర్యాదు ఎలా మొదలుపెట్టాలో స్కూలు ఆఫీసులో ఇరవై ఏళ్ళు ఉత్తరాలు రాసిన మనిషికి తెలియక కాదు. గౌరవనీయులైన అని, అయ్యా అని రాయాలి. ఆమెకు ఆ మర్యాదలేవీ గుర్తు రాలేదు. ఒకే ఒక్క పేరు గుర్తొచ్చింది. కాగితం పైన, మొదటి వరుసలో, మొదటి అక్షరం రాసింది.

ఓం

అక్కడ చెయ్యి ఆగింది. గేటు దగ్గర ఓంప్రకాశ్ రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు.

దేవమ్మకు చదువు రాదు. గుడి గోడల మీద, ఆటోల అద్దాల మీద చూసి చూసి, ఆ ఒక్క అక్షరం మాత్రం వచ్చు. కాగితంలోకి తొంగి చూసి, రెండు వేళ్ళతో దాన్ని తాకి కళ్ళకద్దుకుంది.

"మంచి పని చేసినవ్ బిడ్డా. దేవుని పేరుతోటి షురూ చేసినవ్."

కల్పలత రెండో అక్షరం రాసింది.